ఇంకాల గిడ్డంగులు ఎవరి కోసం నిండాయి?

దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల వెంట ఈక్వడార్ నుంచి చిలీ దాకా పరుచుకుని, సుమారు వందేళ్ళు వెలిగిన ఇంకా సామ్రాజ్యం గురించి రెండు మాటలు తరచూ వినపడతాయి. డబ్బు లేకుండా, ఆకలి లేకుండా జనాన్ని పోషించిన రాజ్యమని కొందరంటారు. దేశం మొత్తం చేత వెట్టి చేయించిన రాజ్యమని ఇంకొందరంటారు. ఆ రెండు మాటల్నీ ఇద్దరి నోట పెట్టి ఇక్కడ వాదనకు దించాను. ఒకరు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు కూలీల కేసులూ భూసేకరణ కేసులూ వాదించే లాయరు. నా మొగ్గు లాయరు వైపు. అయినా మాస్టారి వాదనలో నన్ను వదలని విషయాలు చాలా ఉన్నాయి, వాటి బలం తగ్గించి రాయలేదు.

మాస్టారు: ముందు ఆ నేల ఎలాంటిదో చూడమ్మా. రాజధాని కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. పగలు మాడ్చే ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. ఒక లోయలో వాన పడితే పక్క లోయ ఎండిపోతుంది. ఇనుము లేదు. బండి లేదు, లాగడానికి ఎద్దు లేదు. ఉన్నది లామా. అది ముప్ఫై కిలోలకు మించి మోయదు, మనిషిని అసలు ఎక్కించుకోదు. రాసుకోవడానికి అక్షరం లేదు. అలాంటి చోట కోటి మంది దాకా జనాన్ని ఒక పాలన కిందికి తెచ్చారు. హంపీలో కృష్ణదేవరాయలు ఏలుతున్న రోజుల్లోనే అక్కడ హువాయ్నా కపాక్ ఏలుతున్నాడు. రాయల కాలం గురించి ఇంత చెప్పుకుంటాం. వాళ్ళ గురించి మాత్రం బంగారం, స్పెయిన్ వాళ్ళ చేతిలో ఓటమి, ఈ రెండు ముక్కలతో సరిపెడతాం. నాకు బాధ కలిగించేది అదే.

లాయరు: ఆ బాధ నాకూ ఉంది మాస్టారూ. వాళ్ళ గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. కానీ ఎవరి గొప్పతనం అన్న దగ్గరే మీకూ నాకూ పేచీ. రాజ్యం జనాన్ని పోషించింది అంటారు మీరు. ఆ తిండి పండించిందే జనం కదా!

మాస్టారు: పండించడం ఒక ఎత్తు, దాన్ని చెడిపోకుండా దాచి, కరువు నాటికి అందించడం ఇంకో ఎత్తు. పెరూలో హువానుకో పాంపా అనే పట్నం శిథిలాలున్నాయి. 3,600 మీటర్లకు పైన, కొండ వాలు మీద వరసలు వరసలుగా దాదాపు 500 గిడ్డంగులు. గాలి తగిలేలా, ఎత్తున, చల్లగా ఉండే చోటు చూసి కట్టారు. గుండ్రటి వాటిలో జాడీల నిండా మొక్కజొన్న పోసేవారు. పొడవాటి వాటిలో బంగాళదుంపలను ఎండుగడ్డి మధ్య పేర్చి, తాళ్ళతో కట్టి ఉంచేవారు. ఇక చూన్యో సంగతి. జూన్ నెలలో మంచు కురిసే రాత్రుల్లో దుంపల్ని నేల మీద పరుస్తారు. రాత్రి గడ్డకడతాయి. పొద్దెక్కాక మెత్తబడతాయి. అప్పుడు ఉత్త కాళ్ళతో తొక్కి నీరంతా పిండేస్తారు. నాలుగైదు రోజులు అలా చేసి ఎండబెడితే గులకరాళ్ళలా తేలికైపోతాయి. ఏళ్ళ తరబడి పాడవవు. కరెంటు లేని ఫ్రీజ్ డ్రయింగ్ అది. ఇవాళ్టికీ బొలీవియా, పెరూ ఇళ్ళలో సూపులో వేసుకుంటారు.

లాయరు: చూన్యో ఇంకాలు కనిపెట్టింది కాదు మాస్టారూ. వాళ్ళకంటే ఎన్నో శతాబ్దాల ముందే అక్కడి రైతులకు తెలుసు. ఆ దుంపల్ని తొక్కింది రైతుల కాళ్ళే. నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే. ఇంకా, ఆ గిడ్డంగులు ఎక్కడున్నాయో చూడండి. ఊళ్ళలో ఉన్నాయా? రాజమార్గాల వెంట, అధికారులుండే పట్నాల పక్కన ఉన్నాయి. సైన్యం వెళ్ళే దారిలో ఉన్నాయి. కరువు కోసం కట్టినవాళ్ళు కరువొచ్చే ఊరికి దగ్గరగా కట్టరా?

మాస్టారు: కరువొస్తే గిడ్డంగులు తెరిచి జనానికి ఇచ్చేవారని పేద్రో సియెజా దె లియోన్ రాశాడు. ఆయన ఇంకాల ఆస్థాన కవి కాదు, స్పానిష్ సిపాయి. 1540లలో ఆ దారుల వెంట తిరిగి, చూసినవీ విన్నవీ రాసుకున్నాడు. శత్రుపక్షం వాడే మెచ్చుకున్న పద్ధతి అది.

లాయరు: చూసినవీ, విన్నవీ! గిడ్డంగుల్ని ఆయన కళ్ళారా చూశాడు. పంచడం గురించి విన్నాడు. ఎవరి దగ్గర విన్నాడు? ఎక్కువగా పాత రాచకుటుంబాల పెద్దల దగ్గర. అధికారం పోయిన ఇంట్లో కూర్చుని అడిగితే ఎవరైనా తమ తాతల పాలన చల్లగా ఉండేదనే చెబుతారు. గార్సిలాసో దె లా వేగా కూడా అంతే. తల్లిది ఇంకా రాజవంశం. ఆయన స్పెయిన్‌లో స్థిరపడి, ముసలితనంలో అమ్మమ్మ ఇంటి జ్ఞాపకాలు రాశాడు. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. సాక్ష్యంగా మాత్రం జాగ్రత్తగా తీసుకుంటాను.

మాస్టారు: సరే, వాళ్ళను పక్కన పెట్టు. పన్ను సంగతి మాట్లాడదాం. ఇంకాలు రైతు ఇంట్లో పంటను ముట్టుకోలేదు. రాజ్యానికి వేరే పొలాలు, సూర్యుడి గుడికి వేరే పొలాలు, ఊరికి వేరే పొలాలు. రైతు రాజ్యం పొలంలో పని చేయాలి, అంతే. ఆ పొలం పండినా ఎండినా నష్టం రాజ్యానిదే. ఇంటి పంట ఇంట్లోనే ఉంటుంది. మితా అని పిలిచే ఆ పనికి వంతుల వారీగా వెళ్ళాలి. పనిలో ఉన్నన్నాళ్ళూ తిండి, విత్తనం, పనిముట్లు అన్నీ రాజ్యానివే. హువానుకో పాంపాలో తవ్వినప్పుడు ఎన్ని పెద్ద పెద్ద జాడీల ముక్కలు దొరికాయో! మొక్కజొన్నతో చిచా కల్లు కాచి, వచ్చినవాళ్ళకు వేల మందికి విందు పెట్టేవారు. పని చేయించుకుని ముఖం చూడకుండా పంపేసే రాజ్యం అలా విందు పెడుతుందా? వితంతువులకూ ముసలివాళ్ళకూ రోగులకూ మితా లేదు. పైగా వాళ్ళ పొలాలు మిగతావాళ్ళు దున్నిపెట్టేవారు. మన దగ్గర పంట పోయినా శిస్తు కట్టమని పశువుల్ని తోలుకుపోయిన కాలం ఉంది. దానితో పోల్చి చూడు.

లాయరు: మీరు చివర చెప్పిన మాట దగ్గర ఆగుతాను, అసలు కిటుకంతా అక్కడే ఉంది. వితంతువు పొలాన్ని ఎవరు దున్నారు? రాజ్యమా? ఊరివాళ్ళు. ఐల్యు అంటారు, ఒకే వంశం, ఒకే నేల అనుకునే ఊరి కూటమి. ఇవాళ నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు, ఇల్లు కడితే అందరూ. ఇంకాలు పుట్టకముందు నుంచీ ఆ కట్టుబాటు ఉంది. జాన్ ముర్రా అనే పండితుడు 1950లలో ఇదే పట్టుకున్నాడు. ఊళ్ళు తమలో తాము చేసుకున్న మేలును రాజ్యం ఖాతాలో జమ వేశారని, రాజ్యం గిడ్డంగులు ప్రధానంగా సైన్యానికీ, అధికారులకూ, ఆస్థానానికీ ఖర్చయ్యాయని ఆయన వాదన. నాకు ఇది చాలా పెద్ద విషయం. పేదవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాచుకున్న చరిత్ర రాజుగారి దయ కింద రాసుకోబడింది. ఇది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాస్టారు: మండాల్సిందే. కానీ ఒక ఊరు తన ముసలివాళ్ళను చూసుకోగలదు. ఆ లోయ మొత్తం మంచుకు మాడిపోతే ఆ ఊరూ పక్క ఊరూ కలిసి ఏం చేస్తాయి? అప్పుడు వందల మైళ్ళ అవతల పండింది రావాలి. దానికి దారి కావాలి, లెక్క కావాలి. దారులు 30,000 కిలోమీటర్లకు పైన వేశారు. ఆరు దేశాల్లో మిగిలిన ఆ దారుల్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. లెక్కకు కిపు ఉంది. ఒక లావు తాడుకు సన్న తాళ్ళు వేలాడదీసి, వాటికి ముడులు. ముడి ఏ ఎత్తున ఉంటే అది ఆ స్థానం. పైన వందలు, కింద పదులు, అట్టడుగున ఒకట్లు. సున్నా ఉంటే అక్కడ ఖాళీ. ఒకట్ల దగ్గర ముడి పొడుగ్గా ఉంటుంది, ఎన్ని చుట్లు తిప్పితే అంత అంకె. మనం వాడే దశాంశ పద్ధతే, అంకెలు మాత్రం వేళ్ళతో తడిమి చదువుకోవచ్చు.

లాయరు: కిపు అంటే నాకూ ప్రాణమే. కానీ ముడుల్లో ధాన్యమే కాదు, మనుషులూ ఉన్నారు. ఎన్ని ఇళ్ళు, ఎందరు పనికొచ్చే మగవాళ్ళు, ఏ ఊరు నుంచి ఎందరిని పంపాలి. కోచాబాంబా లోయ తీసుకోండి, ఇప్పటి బొలీవియాలో ఉంది. మొక్కజొన్నకు బంగారం లాంటి నేల. హువాయ్నా కపాక్ దాన్ని కావాలనుకున్నాడు. అక్కడివాళ్ళలో ఎక్కువ మందిని ఖాళీ చేయించి సరిహద్దులకు పంపాడు. లోయను చేన్లుగా కొలిచి, పట్టీలుగా విడగొట్టి, బయటి జాతుల నుంచి 14,000 మంది పనివాళ్ళను దించాడు. పక్కనే కోటాపాచీలో 2,400 గిడ్డంగులు లేచాయి. ఆ పంట కుస్కోకు పోయింది, సైన్యానికి. నేను నిర్వాసితుల కేసులు చూసేదాన్ని మాస్టారూ. కోచాబాంబా సంగతి చదివినప్పుడు ఆ లెక్కలో లేనివాళ్ళ గురించే ఆలోచిస్తాను. 14,000 మంది వచ్చినట్టు రికార్డుంది. పోయినవాళ్ళకు నష్టపరిహారం ఏమిటి?

మాస్టారు: కొత్త చోట నేల ఇచ్చేవారు. మొదటి పంట వచ్చేదాకా గిడ్డంగి నుంచి తిండి ఇచ్చేవారు.

లాయరు: కాదనే హక్కు ఇచ్చారా?

మాస్టారు: ఇవ్వలేదు. ఆ కాలంలో ఏ రాజ్యమూ ఇవ్వలేదు.

లాయరు: అందుకే ఏ రాజ్యాన్నీ సంక్షేమ రాజ్యం అనవద్దంటున్నాను. జీతం లేని పని, కాదనే వీల్లేని పని. విందు పెట్టారంటే నాకు దొరలు గుర్తొస్తారు. పండగనాడు కల్లు పోయించిన దొరలు తెలంగాణలోనూ ఉన్నారు. దానివల్ల వెట్టి వెట్టి కాకుండా పోలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1999లో లులైలాకో అగ్నిపర్వతం మీద, అర్జెంటీనా చిలీ సరిహద్దులో, 6,739 మీటర్ల ఎత్తున ముగ్గురు పిల్లల శరీరాలు దొరికాయి. ఐదు వందల ఏళ్ళు చలికి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇద్దరు పసివాళ్ళు. పెద్దది పదమూడేళ్ళ ఆడపిల్ల, కాళ్ళు ముడుచుకుని, తల వంచుకుని, జుట్టు సన్నటి జడలుగా అల్లి ఉంది. ఆ జుట్టును పరీక్షించారు. జుట్టులో మనిషి తిన్నదంతా నెలల వారీగా నమోదై ఉంటుంది. అంతకుముందు ఆమె మామూలు రైతు ఇంటి తిండి తింది. చనిపోవడానికి ఏడాది ముందు నుంచి మాంసం, మొక్కజొన్న మొదలయ్యాయి. కోకా ఆకు పెరిగింది. ఆఖరి వారాల్లో కల్లు బాగా ఎక్కువైంది. అంటే ఏడాది ముందే ఎంపిక చేశారు. ఏడాది పాటు ముస్తాబు చేసి, మత్తులో ఉంచి, కొండ ఎక్కించి, చలికి వదిలేశారు.

మాస్టారు: ఆ పిల్ల విషయంలో నా దగ్గర వాదన లేదమ్మా. ఉండకూడదు కూడా.

(మాస్టారి చేత ఇక్కడ ఒక ఎదురు మాట అనిపించవచ్చు. ఆ శతాబ్దంలోనే యూరప్‌లో మనుషుల్ని సజీవంగా కాల్చారు కదా అని చాలామంది అంటుంటారు. ఆ పోలిక నాకు నచ్చదు. ఒక చితి ఇంకో చలికి జవాబు కాదు. అందుకే ఆయన్ని ఆ మాట అననివ్వలేదు.)

మాస్టారు: కానీ ఆ పాపాన్ని చూపించి మొత్తం పని పద్ధతిని కొట్టేయకు. అది మతం, ఇది పాలన.

లాయరు: రెండూ ఒకే చెయ్యి మాస్టారూ. ఊళ్ళో ఇంటింటికీ వచ్చి పదేళ్ళ ఆడపిల్లల్ని ఏరుకునే అధికారి ఉన్నాడు. కొందరిని నేత నేయడానికి, చిచా కాయడానికి జీవితాంతం ఉంచేవారు. కొందరిని రాజు మెచ్చినవాళ్ళకు భార్యలుగా ఇచ్చేవారు. మీరు చెప్పిన విందులో పోసిన కల్లు కాచింది వాళ్ళే, పంచిన బట్ట నేసిందీ వాళ్ళే. తండ్రి మితాకు పోకుండా ఉండలేడు, కూతుర్ని పంపకుండా ఉండలేడు. ఆ రాజ్యం ఎంత చల్లగా ఉండేదో జనమే తీర్పు చెప్పారు కదా. 1532 నవంబర్ 16న కహమార్కాలో స్పానిష్ దండనాయకుడు పిజారో 168 మందితో ఇంకా రాజు అటాహువల్పాను పట్టుకున్నాడు. ఆ తర్వాత హువాంకాలు, కన్యారీలు, చాచపోయాలు స్పెయిన్ వైపు చేరారు. ఇంకాలు జయించి లొంగదీసుకున్న జాతులే. వాళ్ళు బియ్యం, బట్ట, బరువు మోసే మనుషులు ఇవ్వకపోతే ఆ 168 మంది కుస్కో చేరేవారే కాదు.

మాస్టారు: బియ్యం కాదు, మొక్కజొన్న. (నవ్వి) ఆ హువాంకాల దగ్గరికే నేను రావాలనుకున్నాను. మంచిదైంది నువ్వే తీశావు. వాళ్ళది హౌహా లోయ. కహమార్కా నాటి నుంచీ స్పెయిన్ వాళ్ళకు సాయం చేశారు, ఇంకాల మీద కసితోనే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఏం చేశారో చూడు. 1561లో హౌహా పెద్దలు లిమాలో రాజు కోర్టుకు వెళ్ళారు. చేతిలో కిపులు. ముడులు తడుముతూ లెక్క అప్పజెప్పారు. పిజారో వచ్చిన నాటి నుంచి ఏ ఏడు ఎన్ని లామాలు ఇచ్చారు, ఎంత మొక్కజొన్న, ఎంత దుంప, ఎన్ని చెప్పులు, ఎన్ని దుప్పట్లు, ఎంత వంటచెరకు. తాము ఇచ్చినవి ఒక లెక్క. స్పెయిన్ వాళ్ళు దోచుకున్నవి వేరే లెక్క. దాదాపు ముప్ఫై ఏళ్ళ బాకీ!

లాయరు: ఆ కేసు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ప్రపంచంలో ఏ కోర్టులోనైనా దాఖలైన రికార్డుల్లో అంత అందమైనది ఇంకోటి ఉందనుకోను. దోపిడీని కూడా ముడి వేసి దాచుకున్నారు!

మాస్టారు: ఎందుకు దాచుకున్నారు? ఇచ్చినదానికి తిరిగి రావాలి అన్న నమ్మకం ఉంది కాబట్టి. ఇంకాల పాలనలో ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ లెక్కలో ఉండేవి. కొత్త దొరలు కూడా అలాగే ఉంటారనుకున్నారు. వాళ్ళు పుచ్చుకోవడం ఒక్కటే ఉంచారు. ఇప్పటి బొలీవియాలో ఉన్న పొటోసిలో 1545లో వెండి కొండ దొరికింది. వైస్రాయ్ టొలేడో 1573లో అదే మితా పేరు పెట్టి, ఊళ్ళలో మగవాళ్ళలో ఏడుగురికి ఒకరి చొప్పున, ఏటా 13,000 మంది దాకా గనిలోకి దింపాడు. ఇంకాల మితాలో పనివాడికి తిండి పెట్టేవారు, ఇంట్లో పంట ముట్టుకునేవారు కాదు. పొటోసి మితాలో ఇచ్చే కూలి దారిఖర్చులకే చాలేది కాదు. 1812 దాకా ఆ పేరు నిలిచింది. ఇంకా రాజ్యం విలువ తెలియాలంటే దాని తర్వాత వచ్చిన దాన్ని చూడాలి.

లాయరు: పొటోసిని చూసే నేను ఇంకాల మీద ఇంత కోపంగా ఉన్నాను. టొలేడో ఏం కనిపెట్టాడు? ఏమీ కనిపెట్టలేదు. జనాన్ని ఇళ్ళ లెక్కన కట్టలు కట్టి, వంతుల వారీగా దూరం పంపే యంత్రం సిద్ధంగా ఉంది. మీటకు అవతల చెయ్యి మారింది, అంతే. మంచి రాజు చేతిలో తిండి పెట్టే యంత్రం చెడ్డ రాజు చేతిలో గనిలోకి తోస్తుంది, ఎందుకంటే పనివాడికి కాదనే మాట ఎప్పుడూ లేదు. హువాంకా పెద్దల లెక్కలో బరువులు మోయడానికి ఇచ్చిన మగవాళ్ళు, ఆడవాళ్ళు కూడా ఉన్నారు మాస్టారూ. లామాల పక్కనే ఒక తాడు మీద వాళ్ళ ముడులు. ఇచ్చింది పెద్దలు, పోయింది వాళ్ళు. మీరు చెప్పే ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో వాళ్ళకు తిరిగి వచ్చిందేమిటి?

మాస్టారు: అది గట్టి ప్రశ్నే. పెద్దల దాకా వచ్చింది కింది దాకా చేరలేదు అంటావు.

లాయరు: రెండు వైపులా సమానంగా నడిచింది ఊళ్ళోనే అంటాను. అందుకే అది బతికింది. అపూరిమాక్ నది మీద కెస్వాచాకా వంతెన ఉంది. ఇంకాల దారిలోదే. మొత్తం గడ్డితో అల్లింది, 28 మీటర్ల పొడవు. ఏటా జూన్‌లో నాలుగు ఊళ్ళవాళ్ళు కొత్తగా అల్లుతారు. ఇంటికింత అని గడ్డి తాడు పేని తేవాలి. ఆడవాళ్ళు అరచేతుల మధ్య సన్న తాళ్ళు పేనుతారు. మగవాళ్ళు వాటిని కలిపి తొడంత లావు మోకులు చేస్తారు. రెండు గట్ల నుంచి లాగి బిగిస్తారు. పాత వంతెనను కోసి నదిలోకి వదిలేస్తారు. 2020లో కరోనా వల్ల అల్లడం కుదరలేదు. 2021 మార్చిలో వంతెన తెగి పడిపోయింది. ఆ జూన్‌లో మళ్ళీ అల్లారు. ఏ రాజూ పిలవలేదు, ఏ కిపులోనూ వాళ్ళ పేరు ఎక్కలేదు. రాజ్యం పోయి దాదాపు ఐదు వందల ఏళ్ళయింది. ఊరు పని ఆగలేదు.

మాస్టారు: ఆ నాలుగు ఊళ్ళకూ నా నమస్కారం. కానీ ఆ వంతెన అక్కడ ఎందుకుందో చెప్పు. కుస్కో నుంచి దారి వేసినవాడు ఆ నది దాటాలనుకున్నాడు కాబట్టి. ఇలాంటి వంతెనలు ఆ రోజుల్లో ఎన్నో ఉండేవి, ఏ వంతెనకు ఏ ఊళ్ళు బాధ్యులో ముందే ఏర్పాటు ఉండేది. రాజ్యం పోయాక ఒకటి మిగిలింది. మిగతావన్నీ ఏమయ్యాయి? ఊరు కట్టుబాటు ఒక్కటే చాలితే అవన్నీ కూడా ఉండాలి కదా. లోయ మొత్తం మాడిన ఏడు ఆ దారుల వెంట దుంప తెచ్చే లామాల బారు కూడా ఉండాలి.

లాయరు: మిగతా ఊళ్ళ మనుషుల్లో చాలామందిని జబ్బులూ పొటోసీ మింగేశాయి మాస్టారూ. వంతెన అల్లే చేతులే లేకుండా పోయాయి. కట్టుబాటు ఓడిపోయిందనకండి.

మాస్టారు: అననమ్మా. వాటిని కాపాడగల రాజ్యం ఒకటి ఉంటే బాగుండేదంటాను.

లాయరు: ఆ రాజ్యం ముందు వాళ్ళ ఆడపిల్లల్ని ఇంట్లో ఉండనిచ్చి ఉంటే, హువాంకాలు పిజారోకు మొక్కజొన్న ఇచ్చేవారా అని నేను అడుగుతాను. దీనికి మీరు జవాబు చెప్పాకే గిడ్డంగుల లెక్కకు మళ్ళీ వద్దాం.